నష్టం లెక్కగట్టే మనిషి ఎవరి మనిషి?

(హైదరాబాదులో జరిగిన మన సిబ్బంది కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. వక్త లైసెన్సు పొందిన బీమా సర్వేయరు, మన బ్యాంకు విశ్రాంత ఉద్యోగిని భర్త.)



మా ఆవిడ మీ బ్యాంకులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయింది. అందుకని ఈ సంస్థకు నేను అల్లుడి వరస అని చెప్పుకుంటూ ఉంటాను. ఇన్నేళ్లూ మీ కుటుంబ సమావేశాలకు వచ్చి, తంబోలా ఆడి, భోంచేసి వెళ్లిపోయేవాణ్ణి. ఈసారి చేతిలో మైకు పెట్టారు. ఏం మాట్లాడమంటారని అడిగితే, మీ అందరి దగ్గరా చీటీల మీద ప్రశ్నలు రాయించి నాకు పంపారు. వాటిలో ఒక చీటీ మీద ఇలా ఉంది: "ఇల్లు కాలినా, కొట్టు మునిగినా నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయరు బీమా కంపెనీ పంపిన మనిషే కదా. డబ్బులిచ్చే వాళ్ల వైపు మాట్లాడతాడు గాని మన వైపు ఎందుకు మాట్లాడతాడు?" కింద పేరు లేదు. ఎవరు రాశారో గాని, నా వృత్తి గురించి ముప్పై ఏళ్లుగా వింటున్న ప్రశ్నల్లో అసలైనది ఇదే. మిగతా చీటీలు పక్కన పెట్టి దీని గురించే మాట్లాడతాను.

ముందు ఒక చిన్న సంగతి. సర్వేయరు అంటే మన ఊళ్లలో గొలుసు పట్టుకుని పొలం కొలిచే ఆయనే. ఒకసారి తుఫాను తర్వాత కోనసీమలో ఒక రైసు మిల్లుకు వెళ్తే, నా చేతిలో టేపు చూసి పక్క చేను రైతు పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, మా గట్టు కూడా ఓసారి చూడండి, మా పెదనాన్న కొడుకు అడుగు లోపలికి జరిపాడు" అన్నాడు. నేను ఆ సర్వేయర్ని కానని ఆయన్ని ఒప్పించేసరికి గంట పట్టింది. మేం కొలిచేది గట్లు కాదు, నష్టం. చట్టంలో మా పూర్తి పేరు సర్వేయర్ అండ్ లాస్ అసెసర్. మంటలు, వరద, దొంగతనం, వాహన ప్రమాదం, ఓడలో సరుకు పాడవడం లాంటివి జరిగినప్పుడు ఏం పోయింది, ఎందుకు పోయింది, దాని విలువ ఎంత, పాలసీ ప్రకారం అందులో ఎంత రావాలి, మిగిలిన తుక్కుకు ఎంత వస్తుంది అన్నవి చూసి నివేదిక రాస్తాం.

ఈ పని ఎవరు పడితే వాళ్లు చేయడానికి వీల్లేదు. 1938 నాటి బీమా చట్టాన్ని 1968లో సవరించినప్పుడు 64 యు.ఎం. అనే సెక్షను చేర్చారు. అప్పటి నుంచి మాకు లైసెన్సు తప్పనిసరి. ఒక హద్దు దాటిన నష్టానికి, లైసెన్సున్న సర్వేయరు నివేదిక లేకుండా కంపెనీ క్లెయిము పరిష్కరించకూడదు. ఆ హద్దు చాలా కాలం 20,000 రూపాయలు. ఇప్పుడు వాహనాలకు 50,000, మిగతావాటికి లక్ష. పూర్వం కంట్రోలర్ ఆఫ్ ఇన్సూరెన్స్ లైసెన్సులు ఇచ్చేవారు. ఇప్పుడు ఆ పని బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. చేస్తోంది. దాని కేంద్ర కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. కొన్నేళ్లు బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్‌లో నడిచింది, ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది. సర్వేయర్ల సంస్థ ఐ.ఐ.ఐ.ఎస్.ఎల్.ఎ. కూడా 2005లో ఈ ఊళ్లోనే పుట్టింది. కాశ్మీరులో సర్వేయరు తప్పు చేసినా, కన్యాకుమారిలో చేసినా అతని లైసెన్సు సంగతి తేలేది మన ఊళ్లోనే.

లైసెన్సు కావాలంటే ఇంజినీరింగో, చార్టర్డ్ అకౌంటెన్సీయో, అలాంటి మరో అర్హతో ఉండాలి. పాత సర్వేయరు దగ్గర శిక్షణ పొందాలి, పరీక్ష పాసవ్వాలి. అదయ్యాక కూడా అన్నిటికీ కలిపి ఒకే లైసెన్సు ఇవ్వరు. అగ్ని, మోటారు, ఇంజినీరింగ్, మెరైన్ కార్గో, పంటల బీమా, ఇలా ఏ విభాగానికి ఆ విభాగమే. మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. నాకు అగ్ని, ఇంజినీరింగ్ ఉన్నాయి, మోటారు లేదు. కాబట్టి మా బావమరిది కారు గుద్దుకుంటే నేను సర్వే చేయకూడదు. మోటారు లైసెన్సు ఉన్నా చేయకూడదు, ఎందుకంటే ఆయన మా బావమరిది! పోయిన ఆస్తిలో నాకు గాని, నా బంధువులకు గాని, వ్యాపార భాగస్వాములకు గాని ఏదైనా ప్రయోజనం ఉంటే ముందే చెప్పాలని నిబంధన. ఆ లెక్కన మా ఆవిడ పనిచేసిన బ్రాంచి ఖాతాదారుల క్లెయిములు కూడా నేను తీసుకోలేదు. నిబంధన అంత దూరం వెళ్లమని చెప్పదు, నాకై నేను పెట్టుకున్న గీత అది. దానివల్ల పోయిన ఫీజుల ప్రస్తావన మా ఇంట్లో ఇప్పటికీ పండగలప్పుడు వస్తూ ఉంటుంది.

ఇక చీటీలోని ప్రశ్న. మమ్మల్ని నియమించేది కంపెనీయే. నేను ఫీజు బిల్లు పంపేది కంపెనీకే. రేపటి పని రావలసింది కూడా అక్కడి నుంచే. కాబట్టి అనుమానం రావడం సహజం, నేను దాన్ని కొట్టిపారేయను. చట్టానికి కూడా ఈ సంగతి తెలుసు. అందుకే 2015 నిబంధనల్లో మా ప్రవర్తనా నియమావళి ఒక మాట విడిగా చెబుతుంది: కంపెనీ పురమాయింపు మీద పనిచేస్తున్నా పాలసీదారు క్లెయిము విషయంలో నిష్పక్షపాతంగా ఉండాలి. కలిసే ప్రతి మనిషితో మర్యాదగా మెలగాలి. తనకు చేతకాని పని ఒప్పుకోకూడదు. నష్టం మరింత పెరగకుండా ఏం చేయాలో కంపెనీకే కాదు, పాలసీదారుకు కూడా సలహా ఇవ్వడం మా విధుల్లో ఒకటి. వీటిని మీరితే ఐ.ఆర్.డి.ఎ.ఐ. లైసెన్సును సస్పెండు చేయవచ్చు, రద్దు చేయవచ్చు. నాకు పని ఇచ్చేది కంపెనీ గాని, నా లైసెన్సు కంపెనీ చేతిలో లేదు. నిటారుగా నిలబడదామనుకున్న సర్వేయరుకు ఆధారం అదే. అందరూ నిలబడతారని చెప్పను. వకీళ్లలోనూ వైద్యులలోనూ ఉన్నట్టే మాలోనూ అన్ని రకాలూ ఉన్నారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సర్వేయరు రాసిందే తుది మాట కాదు. మేం రాసిన మొత్తానికి భిన్నంగా చెల్లించే హక్కు కంపెనీకి చట్టంలోనే ఉంది. అలాగే మా లెక్క తప్పని చూపించే హక్కు మీకూ ఉంది. 2009లో సుప్రీంకోర్టు న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో, సర్వేయరు నివేదికకు విలువ ఉన్నా దానికి కట్టుబడి తీరాలనేమీ లేదని చెప్పింది. అదే సంవత్సరం శ్రీ వెంకటేశ్వర సిండికేట్, ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో మరో ముఖ్యమైన మాట చెప్పింది. మొదటి సర్వేయరు నివేదిక నచ్చలేదని, నచ్చిన నివేదిక వచ్చేదాకా ఒకరి తర్వాత ఒకర్ని పంపుతూ పోవడం కుదరదు. రెండో వారిని పెట్టాలంటే తగిన కారణం చూపాలి. మా వృత్తికి ఆ తీర్పు పెద్ద అండ.

అయినా ప్రశ్న మిగిలే ఉంది. నిష్పక్షపాతంగా ఉండే మనిషి వేరు, మన తరఫున మాట్లాడే మనిషి వేరు. పాలసీదారు తరఫున నష్టం లెక్కగట్టి, కంపెనీతో మాట్లాడే లైసెన్సున్న మనిషి ఎక్కడా లేడా అంటే, కొన్ని దేశాల్లో ఉన్నాడు. బ్రిటన్‌లో కంపెనీ పంపే మనిషిని లాస్ అడ్జస్టర్ అంటారు, పాలసీదారు పెట్టుకునే మనిషిని లాస్ అసెసర్ అంటారు. మనకు పేరు అక్కడి నుంచే వచ్చింది గాని, వస్తూ వస్తూ కుర్చీ మార్చుకుంది. అమెరికాలో ఆ మనిషి పేరు పబ్లిక్ అడ్జస్టర్. పబ్లిక్ అన్నారని ప్రభుత్వోద్యోగి అనుకోకండి. జనం తరఫు మనిషి అని అర్థం.

అమెరికా సంగతి మనకెందుకు అనకండి. పిల్లలు డాలస్ వైపు ఉన్నవాళ్లు చేతులెత్తండి అంటే ఈ హాల్లో ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. అక్కడ వడగళ్లు మన దగ్గర పడేవాటిలా ఉండవు. క్రికెట్ బంతంత పడ్డ రోజులుంటాయి, ఇంటి కప్పు దెబ్బతింటుంది. వాన వెలిసిన మర్నాడే తలుపు తట్టేవాళ్లు వస్తారు: "మీ కప్పు దెబ్బతింది, కొత్తది వేస్తాం, మీ బీమా కంపెనీతో మేమే మాట్లాడి డబ్బులిప్పిస్తాం, మీరు పైసా పెట్టక్కర్లేదు." కొత్తగా ఇల్లు కొనుక్కున్న కుర్రవాడికి అది వినడానికి ఎంత బాగుంటుందో ఊహించండి.

టెక్సస్ చట్టం అక్కడే గీత గీసింది. పాలసీదారు తరఫున క్లెయిము గురించి కంపెనీతో బేరమాడాలంటే పబ్లిక్ అడ్జస్టర్ లైసెన్సు ఉండాలని 2003లో చట్టం చేశారు. పరీక్ష రాయాలి, 10,000 డాలర్ల బాండు ఇవ్వాలి. ఫీజు వచ్చిన క్లెయిములో 10 శాతం దాటకూడదు. ఒప్పందం మీద సంతకం చేశాక 72 గంటల్లోపు మనసు మార్చుకునే హక్కు ఇంటివాళ్లకు ఉంది. నష్టం తెలిపిన 72 గంటల్లోపే కంపెనీ పాలసీ పూర్తి మొత్తం ఇవ్వడానికి ఒప్పుకుంటే శాతం లెక్కన ఫీజు అడగకూడదు, పెట్టిన సమయానికి తగినది తీసుకోవాలి. అన్నిటికన్నా నాకు నచ్చింది మరొకటి. క్లెయిము మాట్లాడే అడ్జస్టరు ఆ ఇంటి మరమ్మతు పనిలో చేయి పెట్టకూడదు. మరమ్మతు చేసే కాంట్రాక్టరు ఆ ఇంటికి అడ్జస్టరుగా ఉండకూడదు. ఈ రెండో మాట 2013లో చేర్చారు. క్లెయిము ఎంత పెరిగితే తన పని బిల్లు అంత పెరిగే మనిషి చేతికి లెక్క అప్పగిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? బ్యాంకులో అప్పు ఇచ్చే అధికారి, ఇన్‌స్పెక్షను చేసే అధికారి వేరుగా ఎందుకు ఉంటారో మీకే బాగా తెలుసు.

ఈ గీత మీద కోర్టుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. స్టోన్‌వాటర్ రూఫింగ్ అనే కప్పుల కంపెనీ, లైసెన్సు లేకుండా, బీమా క్లెయిములు ఇప్పించడంలో తమకు సాటి లేదని ప్రచారం చేసుకుంది. ఖాతాదారు ఒకరు దావా వేశాక, ఈ చట్టమే తమ వాక్ స్వాతంత్ర్యానికి అడ్డమని ప్రభుత్వం మీద కేసు వేసింది. 2024 జూన్‌లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. ఇది మాట మీద ఆంక్ష కాదు, వృత్తి మీద నియంత్రణ అంది. డాలస్‌లో ఉన్న మీ అబ్బాయికో అల్లుడికో ఈ రాత్రి ఫోను చేస్తే ఇంకో మాట కూడా చెప్పండి. పాలసీదారు తన వాటాగా భరించాల్సిన మొత్తాన్ని అక్కడ డిడక్టిబుల్ అంటారు. "అది మీరు కట్టక్కర్లేదు, మేం సర్దుతాం" అని కాంట్రాక్టరు ఆశ పెట్టడం టెక్సస్‌లో 2019 నుంచి నేరం.

అన్ని రాష్ట్రాలూ ఒక్కలా లేవు. తుఫానుల రాష్ట్రం ఫ్లోరిడాలో మామూలుగా 20 శాతం దాకా ఫీజు ఉండవచ్చు, గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించిన విపత్తుల్లో అయితే 10 శాతమే. నష్టం జరిగిన 48 గంటల దాకా అడ్జస్టర్లు తమంతట తాము ఇంటివాళ్లను కలవకూడదని కూడా అక్కడ చట్టం ఉండేది. 2012లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలబామాలో అయితే పబ్లిక్ అడ్జస్టర్లే లేరు, అది వకీళ్లు చేయాల్సిన పని అంటారు. నియమాలు ఎలా ఉన్నా ఒకటి ఉమ్మడి: లైసెన్సు ఇచ్చిన బీమా శాఖే శిక్ష కూడా వేస్తుంది. జరిమానా వేస్తుంది, లైసెన్సు తీసేస్తుంది. టెక్సస్ శాఖ అయితే ఆ క్రమశిక్షణ ఉత్తర్వులను పేర్లతో సహా వెబ్‌సైటులో పెడుతుంది. ఎవరైనా చదవొచ్చు.

మన దేశంలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. లైసెన్సున్న బీమా బ్రోకర్లు క్లెయిము పనిలో ఖాతాదారులకు సాయం చేస్తారు, పెద్ద కంపెనీలకు అది బాగానే అందుతుంది. కిరాణా కొట్టుకూ, చిన్న మిల్లుకూ, మామూలు ఇంటికీ అలాంటి మనిషి లేడు. ఖాళీ కుర్చీ ఎంతోసేపు ఖాళీగా ఉండదు కదా. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడన్నట్టు, బూడిద ఆరకముందే "క్లెయిము కన్సల్టెంటు" అని కార్డు కొట్టించుకున్నవాడు ఒకడు దిగుతాడు.

ఇది వ్యాట్ రోజుల నాటి మాట. ఊరు చెప్పను. చిన్న పట్టణంలో భార్యాభర్తలిద్దరూ కలిసి నడుపుకునే బట్టల కొట్టు. బ్యాంకులో 12 లక్షల సి.సి. ఖాతా, దానికి వాళ్ల ఇల్లు తాకట్టు. దసరాకు సరుకు నింపారు. రాత్రి విద్యుత్ షార్టు సర్క్యూట్. నన్ను నియమిస్తే మర్నాడే వెళ్లాను. బట్ట కాలిన కొట్టులో లెక్క ఎలా కడతారని చాలామంది అడుగుతారు. గట్టిగా కట్టిన బేలు బయట మాడినా లోపల మిగులుతుంది. అరల కొలతలు ఉంటాయి. వాటితోపాటు కొనుగోలు బిల్లులు, అమ్మకాల పుస్తకం, వ్యాట్ రిటర్నులు, బ్యాంకుకు ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంటు ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఆ కొట్టులో అన్నీ సరిపోయాయి. ఆవిడ పద్దులు అంత శుభ్రంగా రాసేది. సుమారు 7 లక్షల నష్టమని ఆ సాయంత్రమే నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. కావలసిన కాగితాల జాబితా రాసిచ్చి వచ్చాను.

నాలుగో రోజున కన్సల్టెంటు దిగాడు. వచ్చిన దాంట్లో 15 శాతం తనకు. "సర్వేయరు ఎలాగూ కోస్తాడు, కోతకు సరిపడా ముందే పెంచి చూపాలి" అని వాళ్లకు చెప్పాడు. వేరే ఊరి హోల్‌సేలు కొట్టు పేరుతో, ప్రమాదానికి వారం ముందు తేదీలతో, 4 లక్షల బిల్లులు తెచ్చి ఫైల్లో పెట్టించాడు. కింద భర్త సంతకం చేశాడు. అలాంటి బిల్లులు సరిచూడటం మా పనిలో భాగం. ఆ హోల్‌సేలు వ్యాపారి రిటర్నుల్లో ఆ అమ్మకం లేదు. సరుకు వచ్చిందని చూపిన లారీ రసీదు మీద నంబరు విచారిస్తే అది ఒక స్కూటరుది.

అగ్ని బీమా పాలసీలో ఒక షరతు ఉంటుంది. క్లెయిములో ఏ కొంత మోసం ఉన్నా పాలసీ కింద వచ్చే ప్రయోజనాలన్నీ పోతాయి. ఆ 4 లక్షలు తీసేసి 7 లక్షలు ఇవ్వడం కాదు, మొత్తం పోతుంది. నేను చూసింది చూసినట్టు రాశాను. కంపెనీ క్లెయిము తిరస్కరించింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నివేదిక పంపాక ఆ దంపతులు నా ఆఫీసుకు వచ్చారు. ఆవిడ ఒకటే మాట అంది: "అయ్యా, మొదటి రోజు మీరు రాసుకున్న లెక్క ఉంది కదా, అదైనా ఇప్పించండి." ఇప్పించడం నా చేతిలో లేదు. బ్యాంకు వడ్డీ ఆగదు కదా, ఏడాది తిరిగేసరికి ఇల్లు అమ్మి అప్పు కట్టారు. కన్సల్టెంటు ఫోను నంబరు మార్చాడు. అతని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి? రద్దు చేయడానికి అతనికి లైసెన్సు లేదు. పోలీసుల దగ్గరకు వెళ్దామంటే ఆ బిల్లుల కింద ఉన్నది తమ సంతకం.

నేను తప్పు రాస్తే నా మీద చర్యకు ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఉంది. అతన్ని అడిగే నాథుడు లేడు. అందుకే మన దగ్గర కూడా పాలసీదారు తరఫు మనిషికి లైసెన్సు ఉండాలని నేను అంటాను. మా వాళ్లలో కొందరికి ఈ మాట నచ్చదు, పోటీ వస్తుందని భయం. రానివ్వండి. ఫీజు శాతానికి పైహద్దు, సంతకం చేశాక వెనక్కి తీసుకునే గడువు, మరమ్మతు పనిలో వేలు పెట్టకూడదన్న నియమం, తప్పు చేస్తే పేరు బయటపెట్టే ఏర్పాటు ఉండాలి. అవి లేకుండా ఉత్త లైసెన్సు ఇస్తే ఆ కన్సల్టెంటే కార్డు మీద నంబరు వేయించుకుని మళ్లీ వస్తాడు.

అది వచ్చే లోపల ఏం చేయాలి? ముందు బ్రాంచిలో పనిచేసే వాళ్లకు ఒకటి రెండు మాటలు. రుణం మీద ఉన్న స్టాకుకు మీరే ఏటా పాలసీ పునరుద్ధరించి ప్రీమియం ఖాతాలో డెబిట్ చేస్తారు. మంచిదే. కాని ఖాతాదారు రెండేళ్ల క్రితం గోదాము మార్చి ఉంటాడు, పాలసీలో పాత చిరునామాయే ఉంటుంది. పాత గోదాముకు బీమా, కొత్త గోదాములో మంట. నా వృత్తిలో అన్నిటికన్నా ఎక్కువగా చూసిన తగాదా ఇదే. స్టాకు ఇన్‌స్పెక్షనుకు వెళ్లినప్పుడు పాలసీ కాపీ జేబులో పెట్టుకెళ్లి చిరునామా సరిచూడండి. ఇంకో కాపీ ఖాతాదారు చేతికివ్వండి. బ్యాంకు క్లాజు ఉన్న పాలసీలో క్లెయిము డబ్బు బ్యాంకుకే వస్తుంది కాబట్టి అది మీ డబ్బు కూడా. మొత్తం విషయంలోనూ అంతే. 20 లక్షల సరుకుకు 10 లక్షలే బీమా చేస్తే, 4 లక్షలు కాలినప్పుడు వచ్చేది 2 లక్షలు. సగమే బీమా చేశారు కాబట్టి సగమే. దీన్ని సర్వేయరు కోశాడంటారు. కోసింది నేను కాదు, ప్రీమియం మిగిలిందనుకున్న రోజు. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో 15 శాతం దాకా తక్కువ పడినా పట్టించుకోరు. ఇళ్లకు వచ్చిన భారత్ గృహ రక్షలో ఆ కోతే లేదు.

ఇక ఇంట్లోవాళ్లకు. ప్రమాదం జరిగిన వెంటనే కంపెనీకి తెలపండి. సర్వేయరు చూసేదాకా కాలినవి, తడిసినవి పారేయకండి. పారేయక తప్పకపోతే ఫోటోలు తీసుకోండి. వచ్చిన మనిషిని లైసెన్సు నంబరు అడగండి. దానికి మేమేమీ నొచ్చుకోం, నొచ్చుకుంటే ఇంకా గట్టిగా అడగండి. ఏ కాగితాలు కావాలో రాతపూర్వకంగా తీసుకోండి. 2024 జూన్‌లో ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిము తెలిపిన 24 గంటల్లో సర్వేయర్ని కేటాయించాలి. 15 రోజుల్లో నివేదిక రావాలి, నివేదిక అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. కాగితాలు లేవన్న ఒక్క సాకుతో క్లెయిము తిరస్కరించకూడదు. ఈ తేదీలు క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. లెక్కలో తేడా ఉందనిపిస్తే నివేదిక కాపీ ఇమ్మని కంపెనీకి ఉత్తరం రాయండి, ఏ అంశం దగ్గర ఎంత తగ్గించారో అందులో కనిపిస్తుంది. నోటితో వాదించడం కన్నా ఆ అంకె పక్కన మీ బిల్లు పెట్టి రాయడం పదింతలు పనిచేస్తుంది. "పూర్తి, తుది చెల్లింపుగా ఒప్పుకుంటున్నాను" అని ఉన్న వోచరు మీద చదవకుండా సంతకం పెట్టకండి.

అప్పటికీ తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాదులోనే. ముందు కంపెనీకి ఫిర్యాదు రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోగా అక్కడికి వెళ్లొచ్చు. 50 లక్షల దాకా వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, అసలు వకీలుకు అక్కడ ప్రవేశమే లేదు. సొంత పేరుతో నడిపే చిన్న వ్యాపారాలకు కూడా ఈ దారి ఉంది. అంబుడ్స్‌మన్ ఇచ్చిన తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, మీకు నచ్చకపోతే మీరు వినియోగదారుల కమిషనుకు వెళ్లొచ్చు. పైన చెప్పిన కొట్టు లాంటి చోట్ల 15 శాతం తీసుకునే మనిషి చేస్తానన్న పని ఇక్కడ ఉచితంగా, మీ చేతి రాతతోనే అవుతుంది.

ఇంకా ఐదు నిమిషాలు ఉందంటున్నారు కాబట్టి పక్కన పెట్టిన చీటీల్లో ఇంకొకటి తీస్తాను. "సర్వేయరు వస్తే కారు కిరాయి, భోజనం మనమే చూడాలంటారు, నిజమేనా?" నిజం కాదు. మా ఫీజు, ప్రయాణం ఖర్చులు ఇవ్వాల్సింది కంపెనీ. ఎండలో వచ్చిన మనిషికి మంచినీళ్లో మజ్జిగో ఇవ్వడం మన ఇళ్లలో మర్యాద, అది తాగి వెళ్తాం. అంతకు మించి నోరు తెరిచి పెట్రోలుకని అడిగినా, లెక్క పెంచుతానని అడిగినా, లైసెన్సు నంబరు, తేదీ, అడిగిన మాట కాగితం మీద పెట్టి కంపెనీకీ, ఐ.ఆర్.డి.ఎ.ఐ.కీ పంపండి. బీమా భరోసా అనే వాళ్ల పోర్టల్లో ఇంట్లో కూర్చునే పెట్టొచ్చు. నా విజిటింగ్ కార్డులు గుమ్మం దగ్గర బల్ల మీద ఉంచాను. వెళ్తూ ఒకటి తీసుకుని, దాని మీదున్న లైసెన్సు నంబరు ఐ.ఆర్.డి.ఎ.ఐ. వెబ్‌సైటులో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.